ఆఖరుసారి అడిగిన యాళ్ల

ఏనుమాముల మార్కెట్ల నా కొలువు
మిర్చికి కాదు, మిర్చి లెక్కలకు.
గేటు కాడ తేజ బస్తాలు దిగుతుంటే
ఘాటుకు తుమ్ముకుంట, కండ్లు తుడుచుకుంట
మెట్ల కింది అర్రకు పోయి
డబ్బాను పలకరిస్త.

అది సర్వరు. దాని కడుపుల నాలుగు పనులు.
ఒకటి పేజీ చూపెడ్తది,
ఒకటి తూకం రాసుకుంటది,
ఒకటి చిట్టీ కొడ్తది,
ఇంకోటి రైతు ఫోనుకు ధర పంపుతది.
ఏ ఒక్కటి అలిగినా కాంటా కాడ లొల్లి.
సెక్రటరీ సారు పైనుంచి ఒకటే కేక:
"నవనీతా!"

ఆ కేక పడలేక
పోయిన కార్తీకంల ఓ రాత్రి కూసొని స్క్రిప్టు రాసిన.
ముప్పై వరుసలు, అంతే.
నిమిషానికోసారి నాలుగు తలుపులు తట్టి
"ఉన్నవా?" అని అడుగుతది.
"ఉన్న" అంటే పచ్చ చుక్క.
ఉలుకు పలుకు లేకుంటే ఎర్ర చుక్క.
చుక్కల పేజీని ఆఫీసు గోడ మీది పాత టీవీల పెట్టిన.

ఊడ్వ వచ్చిన యాకమ్మ చీపురు ఆపి
"నాలుగు పచ్చి మిరపకాయలు తగిలించినవేంది బిడ్డా" అన్నది.
అప్పటిసంది అందరిదీ అదే మాట,
"కాయలు పచ్చగున్నయా?"
ఇంత పెద్ద యార్డుల
ఎరుపంటే పైసలు.
ఎరుపుకు భయపడేది నేనొక్కదాన్నే.

మాఘంల ఓ సోమారం
రెండు దినాల సెలవు మీద సరుకు మీద సరుకు.
పది దాటింది, లైను కదుల్తలేదు.
పరకాల దిక్కు మనిషి, మొండయ్య,
రెండు రాత్రులు బస్తాల మీదనే పండినోడు,
కిటికీల తల పెట్టి చిట్టీ అడిగిండు.
నేను గోడ చూపిన.
"అన్నీ నడుస్తున్నయి పెద్దయ్యా."
ఆయన గోడను చూసిండు.
వెనకకు తిరిగి లైనును చూసిండు.
"అవి నడిస్తే
మేమెందుకు నిలవడ్డం?"

అర్రకు ఉరికిన.
ఫ్యాను తిరుగుతున్నది, దీపాలు మిణుకుమంటున్నయి.
డిస్కు నిండింది.
చిట్టీ రాసుకుందమంటే దానికి జాగ లేదు.
రాస్తలేదని రాసెటందుకు
నా స్క్రిప్టుకు సుత జాగ లేదు.
తెల్లారగట్ల నాలుగూ పన్నెండుకు రాసిన పచ్చదనమే
పదింటి దాక గోడ మీద,
నిన్నటి ధరను ఇయ్యాల అరిచే దలాలి లెక్క.

మూడేండ్ల పాత లాగులు తుడిచిన.
"ఎవలి లాగులే?" అని యాకమ్మ నవ్వింది.
నాకు నవ్వు రాలే.
చిట్టీ లేని రాశికి పాట లేదు.
మొండయ్య చిట్టీ చేతికొచ్చే యాళ్లకు
ఖరీదుదార్లు సగం మంది లేచి పోయిండ్రు,
క్వింటాలుకు నాలుగు వందలు దిగింది.
ఆయన నన్ను ఒక్క మాట అనలే.
చిట్టీని మడిచి బీడీల కట్టల పెట్టుకొని పోయిండు.

ఆ రాత్రి స్క్రిప్టు మళ్ల తెరిచిన.
"ఉన్నవా" అని అడుగుడు బంద్.
నిమిషానికోసారి
మొండయ్య పేర సున్న కిలోలకు చిట్టీ కొట్టమంటది,
కొడితేనే పచ్చ.
కొట్టినంక చింపేస్తది.
చుక్కల కింద చిన్న అక్షరాలల్ల ఓ వరుస:
ఆఖరుసారి అడిగిన యాళ్ల, సెకండ్లతోని.
ఆ యాళ్ల రెండు నిమిషాలు పాతదైతే
టీవీయే తన గడియారం చూసుకొని
నాలుగు చుక్కలనూ తెల్లగ పాలిపోజేస్తది.
పచ్చ కాదు, ఎరుపు కాదు.
తెల్వదు, అని.

ఆ రంగు ఎట్లుంటదో చూద్దామని
పొద్దున వైరు పీకి నిలవడ్డ.
ఒకటి, రెండు నిమిషాలు.
కాయలు తెల్లవడ్డయి.
యాకమ్మ చీపురు సంకల పెట్టుకొని
దగ్గరికొచ్చి చూసింది.
"మంచి పని జేసినవ్," అన్నది,
"ఇన్నొద్దులు తాలు ఏరకుంటనే
కుప్ప వోసినవ్ గద."