తెల్ల తీగ

ఆటోనగర్‌లో దాలినాయుడు షెడ్డు.
నల్లగా మెరిసే నా బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.
ధర అడగలేదు.
"ఎనకాల కట్టేదేటో సెప్పండమ్మా.
దాని బరువు సెప్పండి."

తెరచాప పడవ. ట్రెయిలర్‌తో కలిపి ఏడొందల కిలోలు.
అందులో పదోవంతు కొక్కెం మీద వాలాలట.
తగ్గితే తోకాడిస్తుంది,
మించితే ముందు చక్రాలు దారి మరిచిపోతాయి.

ఫోన్‌లో తళతళలాడే హిచ్ ఒకటి చూపించాను.
నవ్వాడు. "రుషికొండ ఉప్పుగాలి
రెండు వానాకాలాల్లో తినీసుద్ది దీన్ని."
జింకు దట్టంగా పూసిన, అందం లేని ఇనుము తెచ్చాడు.

ఇక తీగలు, ఏడు.
పసుపు ఎడమకి, పచ్చ కుడికి, ఎరుపు బ్రేకుకి.
బండి సొంత తీగల జోలికి పోనన్నాడు:
"లోపల కంప్యూటరుంది. తెలీని బల్బు ఎలిగితే
అలుగుద్ది."
మధ్యవర్తిగా చిన్న పెట్టె ఒకటి బిగించాడు.

చీకటి పడింది. నేను స్టీరింగ్ దగ్గర,
అతని కూతురు హేమసుందరి ట్రెయిలర్ వెనక.
బ్రేకు నొక్కాను.
"అక్కా, ఎడం లైటు మిణుకుమంటంది!"
ఎడమకి సిగ్నలేశాను.
"ఇప్పుడు అన్నీ!"

అరగంట వెతికాడు. ఆఖరికి
తెల్ల తీగ చివర, రంగు మీదే బిగించేసిన బోల్టు.
ఎర్తు.
తను ఏ దీపాన్నీ వెలిగించదు,
అన్నిటికీ తిరుగుదారి అదే.

గీకాడు, బిగించాడు, గ్రీజు రాశాడు.
"ఎర్రగా ఉంది," అంది హేమ చీకట్లోంచి. "ఎల్లక్కా."

ఎన్ఏడీ దాటాక అద్దంలోకి చూశాను.
నా వెనక దీపాలు నాకు కనిపించవు.
వెనకొచ్చే లారీ మాత్రం
దూరం పాటిస్తోంది.