పెరో ఆగిన చోట

ఈ కుక్క నాది కాదు.
పక్కింటి ఇద్వల్‌ది.
తుంటి ఎముక మార్పించుకుని ఆయన
బాంగర్ ఆసుపత్రిలో ఉన్నాడు.
వెళ్లేముందు తాళంచెవి నా చేతిలో పెట్టి
"రోజుకోసారి కొండ చూపించు చాలు,
మిగతాది పెరో చూసుకుంటుంది" అన్నాడు.

ఇరవై ఆరేళ్లు బస్సు నడిపినదాన్ని.
దారంటే నాకు తారు, మలుపు,
దిగేవాళ్లు నొక్కే గంట.
కాళ్లతో కొండెక్కడం
ఈ వయసులో కొత్త.

జూన్ నెల. మొన్నటిదాకా ఒకటే ముసురు.
ఇవాళ పొద్దున్నే ఎండ కాసేసరికి
ఊరు ఊరంతా తీగలకెక్కింది.
దుప్పట్లు, తువ్వాళ్లు,
ఫుట్‌బాల్ జట్టువి పది ఎర్రచొక్కాలు,
గోలీది ఒక్కటి ఆకుపచ్చ.

ఇనుప గేటు తీసి, దాటి, వేసి
కొక్కెం రెండుసార్లు చూసుకున్నాను.
గేటు బార్లా తీసి పోయినవాణ్ణి
ఇక్కడ మనవలు కూడా గుర్తుపెట్టుకుంటారు.

పెరో నా ముందు నడవదు.
అలాగని వెనకా రాదు.
ఎడమనుంచి ఒక వంపు తిరిగి మాయమై
కుడి మడమ దగ్గర తేలుతుంది.
మొదటి మైలు దాటాక గాని తెలియలేదు,
అది నన్ను తోలుతోందని.
దాని మందలో ఉన్నది
ఒక్క గొర్రె.
అదీ రొప్పుతున్న గొర్రె.

నేను లివర్‌పూల్‌లో పుట్టినదాన్ని.
దానికి వెల్ష్ తప్ప రాదు.
"ఆరోస్" అన్నాను, ఆగమని.
ఒక చెవి ఇటు తిప్పి
నా ఉచ్చారణను కాసేపు వాసన చూసి
తన దారిన తను పోయింది.

నడుము లోతు ఫెర్న్ పొదలు.
పైన ఎక్కడో భరతపక్షి,
కనబడదు గాని ఊపిరి తీసుకోదు.
మూతపడ్డ గని పక్కన
కుప్పలు పోసిన పలకరాళ్లు
ఎండకు చిటచిటమంటున్నాయి,
ఎవరూ ఓనమాలు దిద్దని పలకలు.

దిగివస్తున్న కుర్రాళ్లిద్దరు
"కుక్క మీదేనా? బావుంది" అన్నారు.
"కాదు, నేనే దాన్ని" అన్నాను.
నవ్వారు.
నేను నిజమే చెప్పాను.

గొర్రెల గోడ మూల తిరిగేచోట
పెరో పడుకుంది.
శిఖరం ఇంకా అరగంట పైన.
రమ్మన్నాను. బతిమాలాను.
బిస్కెట్టు చూపించాను.
అది బిస్కెట్టు వైపు చూడలేదు.
నా వైపూ చూడలేదు.
చదునైన రాయొకటి ఉంది అక్కడ,
దాన్నే చూస్తోంది.

ఒక మనిషి కూర్చునేంత మేర
రాయి నున్నగా అరిగింది.
గోడ సందులో
బోర్లించిన రేకు కప్పు.

కూర్చున్నాను.
పొట్లం విప్పాను, రొట్టె, జున్ను, ఉల్లిపాయ.
పెరో వచ్చి నా ఎడమ బూటు మీద
గడ్డం ఆనించింది, బరువుగా,
ఎప్పటినుంచో అది దాని చోటే అన్నట్టు.

ఇద్వల్‌కి దవడ పళ్లు లేవు.
మా వంటింట్లో ఎన్ని టీలు తాగాడో,
రొట్టె అంచులు ఎన్నడూ తినగా చూడలేదు.
కోటు జేబులో వేసుకునేవాడు.

అంచులు తెంపి ఇచ్చాను.
ఒక్కొక్కటీ పళ్ల చివరలతో
మర్యాదగా అందుకుంది.
చివరిది అయ్యాక లేచి, ఒళ్లు దులుపుకుని
కిందికి తిరిగింది.
శిఖరం సంగతి ఎవరూ ఎత్తలేదు.

రాత్రి ఫోను చేశాడు.
"ఎందాకా వెళ్లారు?"
"రాయిదాకా."
కాసేపు వార్డులో చక్రాల చప్పుడు.
"కప్పు ఉందా?"
"ఉంది."
"అంచులు?"
"అన్నీ తింది."
"ఊఁ. గడ్డి కోతకొచ్చిందా?"
నాకేం తెలుసు గడ్డి సంగతి.
పచ్చగా ఉందని చెప్పాను.

ఫోను దాని చెవి దగ్గర పెట్టమన్నాడు.
సన్నగా, పొడుగ్గా ఈల వేశాడు.
అవతల ఎవరో నర్సు కసిరింది.
పెరో బల్లకిందనుంచి లేచి
తలుపు దగ్గరికెళ్లి నిలబడింది.

తీశాను.
పది కావస్తున్నా కొండమీద ఇంకా వెలుతురు.
అప్పుడు గుర్తొచ్చింది,
దిగేటప్పుడు
కొక్కెం వేశానో లేదో.