మూడు కెటిళ్ళు

థిర్జా నోస్కే నా కొట్లోకి వచ్చినప్పుడు
చేతిలో ఒక దారం, దారం కొసన తుప్పు బోల్టు.
"నీళ్ళు ఇక్కడ," అంది బోల్టు చూపించి,
"నేల ఇక్కడ," అంది ముడి చూపించి.
కొలిచాను. మూడు మీటర్లా ముప్పై.
బోల్టు ఇంకా తడారలేదు.

ఇరవై ఆరేళ్ళు ఈ మాలీ మట్టిదారుల్లో
స్కూలు బస్సు తోలిన మనిషి.
లెక్క తప్పితే ఎవరి పిల్లలు ఎండలో నిలబడతారో తెలిసిన మనిషి.

గోడకున్న పెద్ద పంపు చూపించాను.
ఒకటిన్నర హార్స్‌పవరు, నీలం రంగు,
నిజం చెప్పొద్దూ, ఆగస్టు నుంచి అమ్ముడుపోనిది.
"నా తోట తగలబడటం లేదయ్యా,
దాహంతో ఉంది, అంతే."
ఆరు వరసల డ్రిప్పు పైపు, ఒక నిమ్మ, రెండు ఆప్రికాట్లు,
బీన్స్ పందిరి.
గంటకెన్ని లీటర్లో రొట్టెల కొట్టు బిల్లు వెనక
పెన్సిలుతో రాసుకొచ్చింది.

పోనీ, నీళ్ళలో మునిగే పంపు అన్నాను.
"పాడైతే ఎవరు దిగుతారు? నువ్వా?"

ఆ ట్యాంకు నాకు తెలుసు.
వాళ్ళ ముత్తాత ఇటుకలతో కట్టి నేలలో పాతిన కడవ,
మెడ సన్నం, పొట్ట లావు.
జూన్ వానలన్నీ రేకుల కప్పు మీంచి జారి
అందులోకి దిగి
జనవరి దాకా చీకట్లో ఊపిరి బిగబట్టుకుని ఉంటాయి.
నేను దిగను.
అర హార్స్‌పవరుది, గట్టు మీద కూర్చునేది,
మాట్లాడకుండా పెట్టెలోంచి తీశాను.

శనివారం. నలభై మూడు డిగ్రీలు.
ఫుట్‌వాల్వు దింపాం, పైపు బిగించాం,
పంపు నెత్తిన ఉన్న బిరడా విప్పాం.
ఎండు గొంతుతో పంపు నీళ్ళెత్తదు,
ముందు దానికి తాగించాలి.
ఆవిడ వంటింట్లోంచి టీ కెటిల్ తెచ్చింది.
ముక్కున్న గిన్నెయితే ఒలకదట.
ఒకటి. గుడగుడమంది.
రెండు.
మూడోదానికి నీళ్ళు అంచుదాకా వచ్చాయి,
ఒక బుడగ కన్ను తెరిచి మూసింది.

స్విచ్చు వేశాం.
మోటారు తిరిగింది. నీళ్ళెత్తలేదు.
పళ్ళు లేని నోటితో గాలి నములుతున్న చప్పుడు.
ఆపాం, పోశాం, వేశాం.
ఏడు కెటిళ్ళయ్యాయి.
నేను ఫుట్‌వాల్వుని తిట్టాను,
దాన్ని చేసిన కంపెనీని తిట్టాను, ఎండని తిట్టాను.
ఆవిడ కెటిళ్ళు లెక్కపెడుతోంది.

ఇదంతా కంచె మీద కూర్చుని చూస్తున్న
పక్కింటి తొమ్మిదేళ్ళ బ్రియోనీ
ఇంట్లోకి పరిగెత్తి
నాన్న గడ్డం గీసుకునే నురగడబ్బా పట్టుకొచ్చింది.
ఈతకొలను పంపు మొరాయిస్తే వాళ్ళ నాన్న ఇలాగే చేస్తాడట.
ట్యాంకు నుంచి పంపు దాకా
ప్రతి అతుకుకీ ఒక తెల్లగడ్డం పెట్టింది.
"ఇప్పుడు వెయ్యండి."

రెండో మలుపు దగ్గర
నురగలో చిన్న గుంట పడింది,
పాలు తాగే బిడ్డ బుగ్గ మీద సొట్టలా.
అక్కడ్నించి గాలి తాగుతోంది.

అది నేను బిగించిన అతుకే.
టేపు ఎదురు చుట్టు చుట్టాను,
ముప్పై ఏళ్ళుగా పంపులు అమ్ముతున్నవాణ్ణి.
థిర్జా ఏమీ అనలేదు.
ఏదో ఒకటి అన్నా బాగుండేది.

విప్పాను, తుడిచాను,
మర ఎటు తిరిగితే అటు చుట్టాను.
మళ్ళీ మూడు కెటిళ్ళు.

ఈసారి చప్పుడు మారింది.
మోటారు గొంతు బరువెక్కింది,
ఎవరో బరువు చేతికిచ్చినట్టు.
పైపు ఒకసారి వణికింది.
డ్రిప్పు కొసలు దగ్గాయి, గాలి ఉమ్మాయి,
తర్వాత ఇటుకరంగు నీళ్ళు,
ఆ తర్వాత ఏ రంగూ లేనివి.
నిమ్మ మొదట్లో ఒక చుక్క.
ఆగి, ఇంకోటి.

బ్రియోనీ దాని కింద బొటనవేలు పెట్టింది.
"చల్లగా ఉంది," అంది, తనని మోసం చేసినట్టు.
అవును మరి, ఆ నీళ్ళలో ఇంకా జూనే.

థిర్జా మరో కెటిల్ నింపి
పొయ్యి మీద పెట్టింది.
"ఇది మనకి."

టీ తాగుతూ బిల్లు చూసుకుంది.
పెన్సిలు తీసి టేపు ఖరీదు కొట్టేసింది.
నేను కాదనలేదు.