దిగే ఈల

మత్తికెరెలో మూడో అంతస్తు. రాత్రి పదకొండు.
చెవుల మీద హెడ్‌ఫోన్లు,
చల్లారిన టీ మీద మీగడ ముడత.
నా ఉద్యోగం వినడం.
నేను పుట్టకముందు గురుగ్రహం పక్కనుంచి పోయిన యంత్రం
పట్టి పంపిన రొదలో
ఈల ఎక్కడుందో వెతికి
సెకన్లు రాసిపెట్టడం.

ముప్పావు వంతు హోరే.
చేటలో నూకలు చెరుగుతున్నట్టు,
పచ్చి కట్టె పొయ్యిలో చిటచిటమన్నట్టు.
అక్కడ గాలి లేదు.
ఉన్నవల్లా చిట్లి విడిపోయిన ఎలక్ట్రాన్లు, అయాన్లు,
ఐయో అనే చందమామ కక్కిన గంధకం
(ఆ పేరు చెబితే మా పిన్ని ఏమైందే అని కంగారుపడింది),
అన్నిటినీ కట్టి తిప్పే అయస్కాంతపు పగ్గాలు.
ఒక పగ్గాన్ని లాగి వదిలితే
అల పోతుంది, పోతూనే ఉంటుంది.

ఎప్పుడో ఒకసారి, ఈల.
ఆ మేఘాల్లో ఎక్కడో మెరుస్తుంది.
అరుపు ఒక్కటే, ఒక్క చిటుకు.
దారి మాత్రం పొడుగు.
సన్న గొంతులు ముందు ఉరికొస్తాయి,
లావు గొంతులు కాళ్ళీడ్చుకుంటూ వెనక.
చెవిదాకా వచ్చేసరికి ఆ చిటుకు
పైనుంచి కిందికి జారే కూత.

రౌండ్స్‌కొచ్చిన తిప్పేస్వామి టార్చి ఆర్పాడు.
"ఏన్ మేడమ్, పాటలా?"
హెడ్‌ఫోన్లు ఇచ్చాను.
టోపీ తీసి, కళ్ళు మూసి, మూడుసార్లు విన్నాడు.
"ఇది హెచ్చెంటీ సైరన్" అన్నాడు.
"జాలహళ్ళి వాచీల ఫ్యాక్టరీ. మా నాయనది రెండో షిఫ్టు.
మోగేటప్పుడు కాదు మేడమ్,
ఆపేశాక దిగుతుంది చూడండి, ఊఁ... య్... అని,
అది.
అది విన్నాకే అమ్మ ముద్దకి ఎసరు పెట్టేది."

కాదు, ఇది మెరుపు,
అరవై కోట్ల కిలోమీటర్లు, సాంద్రత, పౌనఃపున్యం...
నోటిదాకా వచ్చి ఆగాయి.
జాబితాలో 'రిమార్కులు' గడి
మూడేళ్ళుగా ఖాళీ.
అందులో రాశాను: సైరన్ దిగినట్టు.
పొద్దున సార్ కొట్టేస్తారు. కొట్టేయనీ.

హెబ్బాళ్ వైపు మెరిసింది.
మన అక్షాంశాల్లో మెరుపుకు ఈల అరుదు,
ఇక్కడ పగ్గాలు నేలకు మరీ దగ్గరగా వంగిపోతాయి.
ఉత్త ఉరుమే,
కిటికీ అద్దంలో, టీ కప్పులో.

తిప్పేస్వామి చేతి గడియారం విప్పాడు.
కీ ఇచ్చే రకం. వాళ్ళ నాయన బిగించిందే కాబోలు.
చెవికి ఆనించుకుని
ఆడుతోందో లేదో విని,
మళ్ళీ కట్టుకుని
మెట్లు దిగాడు.