పదకొండు యాభై ఏడు

పొద్దున తొమ్మిదైతే
ఆదోని జిన్నింగ్ మిల్లు కాటా రూములో
నా కంప్యూటరు నాది కాదు.
గుంటూరు హెడ్డాఫీసు మిషను
తెరంతా పరుచుకుంటాది,
బస్సులో ముగ్గురి సీటు మీద తుండుగుడ్డేసి
ఒక్కడే పండుకున్నట్టు.

దాని వాల్‌పేపరు మంచుకొండ.
బయట నలభై ఒకటి ఎండ.
దూది నలుసులు మానిటరు మీద వాలితే
ఒక్కోసారి చలేసినట్టు ఉంటాది.

దాని గడియారం
మాదానికంటే నాలుగు నిమిషాలు ముందు.
రెండేండ్లు నేను
గుంటూరు టైముకు బువ్వ తిన్నా.

కొండ వెనకాల యాడనో
కాటా మీది కెమెరా బొమ్మ ఉండేది.
ఉండేదని తెలుసు, అంతే.

ఆ పొద్దు కౌతాళం తిక్కయ్య
ట్రాక్టరు కాటా మీదికెక్కించి
నంబరు పిలుస్తానని నిలబడినాడు.
నేను మంచులో కూర్చోని
నిన్నటి బిల్లులు దిద్దుతాండా.
ముప్పావుగంట.
పన్నెండింటికి రేటు మారింది.
గుంటూరు పన్నెండు.
క్వింటాలుకు అరవై రూపాయలు తగ్గిందని
చీటీ చేతికిస్తే
తిక్కయ్య అరవలేదు, తిట్టలేదు.
మడిచి రొండిన దోపుకుంటా
"పిలుస్తావనుకుంటిమ్మా" అన్యాడు.

రాత్రి మౌలాలికి ఫోను చేసినా.
ప్రింటర్లు రిపేరు చేసే పిల్లోడు,
నోట్లో బొరుగులు పెట్టుకొనే మాట్లాడతాడు.
"ఫుల్ స్క్రీను ఎవరు పెట్టమన్యారక్కా?
కనెక్టు కొట్టకముందే
షో ఆప్షన్స్ అని సన్నగా ఉంటాది, నొక్కు.
డిస్‌ప్లేలోకి పో.
గీత ఉండాదా? గీత మీద గుండీ?
కుడి కొసకు కొట్టుకుపోయింటాది. ఎడమకు లాగు.
ఇంకా లాగు.
వెయ్యిన్ని ఇరవై నాలుగు,
ఏడు నూర్ల అరవై ఎనిమిది.
ఆడ ఆపు."
సర్వేయరు చేను కొలతలు చదివినట్టు చదివినాడు.
"వెనక్కొచ్చి సేవ్ కొట్టక్కా, మర్చిపోయేవు.
లేకుంటే పొద్దున మళ్లా మొత్తం కమ్ముకుంటాది."

అంత చిన్న గుండీ.
రెండేండ్ల నుంచి ఆడనే ఉండాది.

ఇప్పుడు గుంటూరుకు నాలుగు అంచులు.
నెత్తిమీద పట్టీ పట్టుకొని
పక్కకు జరపొచ్చు, జరుగుతాది.
మిగిలిన జాగాలో కాటా, చక్రాలు,
టైరు నీడన చెప్పులిడిచి కూర్చున్న మనుషులు.
కింద మూల మా గడియారం.

అక్షరాలు మాత్రం చీమలైనాయి.
ఎమ్మిగనూరు పోయి
ఎనిమిది నూర్లు పెట్టి అద్దాలు తెచ్చుకున్నా.
మేనేజరు ఫోనులో నవ్వినాడు,
"పెద్దగా పెట్టుకోవచ్చు కదా ఉరుకుందమ్మా,
అంత తెర ఉంది, ఏం కనిపిస్తుంది నీకు?"
"కనపడతాండాది సార్" అన్యా.
ఏందని ఆయప్ప అడగలేదు.

నిన్న నెట్టు పోయింది.
గుంటూరు నల్లబడి
ఇరవైలో మూడోసారి కలుపుతాండా,
నాలుగోసారి కలుపుతాండా అని
దాని పాటికది గొణుగుతాంది.
ముందైతే రూమంతా ఆరిపోయినట్టుండేది.

కుడిపక్క బొమ్మలో
కోసిగి ట్రాక్టరు ఎక్కి నిలిచింది.
బోరెం సందులోంచి దూది పీకి
ఒక పిల్ల చెవిలో పెట్టుకుంటాంది.
వాళ్ల నాయన నా దిక్కే చూస్తాండాడు,
అంటే, కెమెరా దిక్కు.

లేచి, చెక్క రెక్కల కిటికీ,
తుప్పు గొళ్లెం గుద్ది తెరిచి
"పదిహేడూ!" అని పిలిచినా.

బరువు పెన్సిలుతో రాసినా.
పక్కన టైము:
పదకొండు యాభై ఏడు.