డిటో

రాయపురం వార్డాఫీసులో పాత చావుల రిజిస్టర్లు,
పేజీకింతని నాకు కూలి.

యాభై రెండో సంవత్సరం. పేరు గడిలో: పెట్టలేదు.
దాని కింద డిటో. దాని కింద డిటో.
వయసు తొమ్మిది రోజులు, పదకొండు, నలభై.
కారణం జ్వరం, వాంతులు, జ్వరం.

ఎనభైలకొచ్చేసరికి డిటోలు పలచబడ్డాయి.
నిన్న ఒక నెలంతా తిరగేస్తే పసివాడొక్కడే,
వాడికి పేరు కూడా ఉంది.

"గీత ఎలా దిగిందో చూడు మాణిక్యం" అంటాడు సారు.
దిగింది,
కాశీమేడు అల వెనక్కి పోయినట్టు.

మా అవ్వ తొమ్మిది కాన్పులనేది, బిడ్డలు ఆరుగురనేది.
తీసివేత రాదని చిన్నప్పుడు నవ్వేదాన్ని.

ఈ కంప్యూటర్ డిటో ఒప్పుకోదు,
ఒక్కొక్కరినీ విడిగా కొట్టాలి.
వేళ్లు తమిళం కొడతాయి, నోరు మాత్రం
పకేత్వమిస్తే పే,
రకి కొమ్మిస్తే రు.