బండి ఱ

ఏడురోడ్ల దగ్గర మా ఫ్లెక్సు అంగట్లో
పన్నెండేళ్లుగా ఒక అలవాటు.
పొద్దున షట్టరెత్తినాక మొదట
నెట్టు తీగ పీకేవాళ్లం,
ఆ తర్వాతే బొమ్మల ప్రోగ్రాము తెరిచేవాళ్లం.
తీగ ఉంటే అది అడుగుతుంది కదా
నువ్వెవరని, నీ రసీదేదని.

బెంగళూరు నుంచి ఎవరో సీడీలో తెచ్చిన దొంగసొత్తు.
దాంతోనే ఎన్ని పెళ్లిళ్లు చేసినాం,
ఎన్ని ఉరుసులకు పచ్చజెండాలు గీసినాం,
ఓడిపోయే కౌన్సిలర్లకు ఎంత నవ్వు అతికించినాం.

మొన్న మాఘంలో, ముహూర్తాల నడిమధ్య,
తెర తెల్లగా గడ్డకట్టి కూర్చుంది.
నలభైరెండు శుభలేఖలు లోపల.
ఖాజా పీరన్న కొత్తదాని ధర కనుక్కున్నాడు.
నెలనెలా కట్టాలంట.
'అంగడికి బాడిగ, మిషనుకు కంతు,
ఇంక గీతకు గూడా బాడిగనా?'
అని కారందోశ తినడానికి పోయినాడు.

ఆ రాత్రి నేనే వెతికినా.
ఊరికే ఇచ్చేవి ఉన్నాయని తెలుసు.
ఊరికే అంటేనే మా వీధిలో అనుమానం,
కొసరు వేసేది పుచ్చు వంకాయలే కదా.

ఒకటి తెరుచుకునే లోపల టీ మీద మీగడ కట్టింది.
ఒకటి గీతలు బాగానే గీసింది, అచ్చుకు పంపితే
కుంకుమ ఎరుపు ఇటుకపొడి అయింది.
ఇంకోదానికి కుంచెలు వంద రకాలు,
బ్యానరు కొలత అడిగితే నీళ్లు నమిలింది.
చివరికి రెండు ఉంచుకున్నా,
ఒకటి బొమ్మకు, ఒకటి అక్షరానికి.
నెలరోజులు ఎడమచేత్తో అన్నం తిన్నట్టుంది.
పాత ఫైళ్లు సగం ఇప్పటికీ తెరుచుకోవు.

అట్లుండగా ఒక బుధవారం
చెన్నూరు నుంచి ఒక పిల్లోడొచ్చి
వాళ్ల జేజి పేరు చీటీలో రాసిచ్చినాడు.
కుళ్ళాయమ్మకు శ్రద్ధాంజలి.

పాతదాంట్లో ఆ మాట ఎప్పుడూ విరిగేది.
వత్తు జారి పక్కన పడేది,
మౌసుతో ఈడ్చి ఈడ్చి అతికించేదాన్ని
పగిలిన గాజులు ఏరినట్టు.
ఈసారి టైపు చేసి చేయి ఎత్తేసినా.
తల్లి కాళ్ల మీద నీళ్లు పోయించుకునే బిడ్డ మాదిరి
వత్తు తనంతట తానే పండుకుంది.

నాయనకు చూపించినా.
నలభై ఏళ్లు బోర్డులు రాసిన దస్తగిరి చేయి
ఇప్పుడు టీ గ్లాసులో అలలు లేపుతుంది.
ఆయన కుంచె ఆయనే కట్టుకునేవాడు.
వెంట్రుక ఎంత కత్తిరిస్తే 'జ' నడుము తిరుగుతుందో
అడిగినోళ్లందరికీ చెప్పేవాడు,
ఎదురంగడోళ్లకు గూడా.

'వత్తు కింద గాలాడాల' అన్నాడు తెర చూసి. అంతే.
కాసేపటికి,
'ఎవురు చేసినారు మ్మే దీన్ని?'
ఎవరో. ఏ ఊరోళ్లో. చానామంది.
'డబ్బులు?'
తీసుకోరు.
'మరి నువ్వేమిచ్చినావు వాళ్లకు?'

ఫ్యాను తిరుగుతాంది.

మా నడవలో నల్ల కడప బండ మీద
నాకు ఓనమాలు దిద్దించిన చోటే
రోజుకు రెండక్షరాలు రాస్తాండాడు సుద్దముక్కతో.
నేను ఫోన్లో ఫోటో తీసి
వంపు వంపుకు చుక్కలు పెట్టి తెరకెక్కిస్తాండా.
చేయి వణికిన చోట నున్నగా దిద్దితే
ఒకసారి ఒప్పుకున్నాడు, ఇంకోసారి తిట్టినాడు.
అన్నీ అయినాక ఫాంటుగా కట్టి
కావాల్సినోళ్లు ఊరికే తీసుకోండని పెట్టేయాల.
వత్తుల లెక్క వేరే, దాని గురించి ఇప్పుడు అడగొద్దు.

బండి ఱ ఎందుకు, ఎవురు రాస్తాండారని
ఖాజా పీరన్న నవ్వినాడు.
నాయన సుద్ద కింద పెట్టి
పాత బస్టాండు పక్క తాను రాసిన మొదటి బోర్డు చెప్పినాడు:
'కఱ్ఱల అడితి', ఎరుపు మీద పసుపు.
అడితి లేదు, కఱ్ఱలూ లేవు.

ఈ పొద్దు ఆదివారం.
బండను తడిగుడ్డతో తుడిచి పెట్టినా.
ఆరాల.